కప్పిపెట్టడం కాపాడటం కాదు

"సోఫా కొన్న రోజే తొడుగు వేయాలి. పండగ ముందు మనిషిని పిలిచి షాంపూ వాష్ చేయించాలి. ఈ రెండూ చేస్తే పదేళ్ళయినా చెక్కు చెదరదు." ఇళ్ళలో సోఫా గురించి మాట వస్తే వినబడేది ఇదే. అమ్మిన షాపతను చెబుతాడు, కడిగే సర్వీసు వాళ్ళు చెబుతారు, చుట్టపుచూపుగా వచ్చిన పిన్నిగారు చెబుతారు, యూట్యూబ్ చిట్కాల వీడియోలు చెబుతాయి. ఇంతమంది నోట నానేసరికి, ఎవరూ పరీక్షించి చూడని మాట కాస్తా నియమమై కూర్చుంది.

నా వాదన సూటిగా చెబుతాను. సోఫాను పాడుచేసేవి ముఖ్యంగా రెండు: లోపల ఇరుక్కున్న దుమ్ము, లోపల ఇరుక్కున్న తడి. తొడుగు మొదటిదాన్ని దాచిపెడుతుంది. షాంపూ వాష్ రెండోదాన్ని తెచ్చిపెడుతుంది. అంటే సంరక్షణ పేరుతో మనం చేస్తున్నవి, సోఫా ఆయుష్షును తగ్గించే పనులు.

అవతలి పక్షం మాట ముందు న్యాయంగా చెప్పుకోవాలి. మన ఊళ్ళలో దుమ్ము తక్కువేమీ కాదు. రోడ్డు పక్క ఇల్లయితే పొద్దున తుడిచిన బల్ల మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. పిల్లలు లడ్డూ చేతులతో ఎక్కుతారు, పెద్దవాళ్ళు కొబ్బరినూనె తలతో ఆనుకుంటారు, మగవాళ్ళు బయటి నుంచి చెమటతో వచ్చి కూలబడతారు. సోఫా గుడ్డను విప్పి ఉతకలేం, తొడుగునైతే ఉతకొచ్చు. వాయిదాల మీద కొన్న వస్తువు, మరకపడితే మనసు చివుక్కుమంటుంది. పైకి తీయలేని మురికి లోపల చేరుతుంది కాబట్టి ఏటా ఒకసారి యంత్రంతో కడిగిస్తే మంచిదేగా? ఈ ఆలోచనలో అజాగ్రత్త ఏమీ లేదు. నిజానికి జాగ్రత్తే ఎక్కువ. తప్పంతా ఆ జాగ్రత్త వెళుతున్న దారిలో ఉంది. ఒక్కొక్కటిగా చూద్దాం.

1. దుమ్ము తొడుగు దగ్గర ఆగదు

తొడుగు వాదానికి పునాది ఒక ఊహ: దుమ్ము పై నుంచి రాలుతుంది, పైన గుడ్డ ఉంటే అక్కడే ఆగుతుంది. ఇది సగమే నిజం. మనం సోఫాలో కూర్చున్నప్పుడల్లా కుషన్‌లోని గాలి బయటికి పోతుంది, లేచినప్పుడల్లా చుట్టూ ఉన్న గాలి లోపలికి వస్తుంది. ఆ గాలితోపాటు సన్నటి దుమ్ము తొడుగు నేతలోంచి, కుట్ల సందుల్లోంచి, అంచుల కింద నుంచి లోపలికి చేరుతుంది. కూర్చునే సోఫా రోజంతా ఇలా ఊపిరి తీస్తూనే ఉంటుంది. తొడుగు ఆ ఊపిరిని ఆపలేదు.

లోపలికి పోయిన దుమ్ము ఊరికే పడి ఉంటే పరవాలేదు. మన రోడ్ల దుమ్ములో, ఇంటి పనుల ఇసుకలో ఉండేది చాలావరకు క్వార్ట్జ్. ఖనిజాల కాఠిన్యాన్ని కొలిచే మోస్ స్కేలు మీద దాని స్థానం 7. మామూలు గాజు మీద కూడా గీత పెట్టగలదు. పాలిస్టర్ పోగు, నూలు పోగు దాని ముందు ఎంత? ఇప్పుడు సాగే రకం సోఫా కవరును ఊహించుకోండి. కూర్చున్న ప్రతిసారీ అది అసలు గుడ్డ మీద కొంచెం జరుగుతుంది, లేచినప్పుడు వెనక్కి వస్తుంది. మధ్యలో ఇసుక రేణువులు. ఏళ్ళ తరబడి ఇది ఉప్పుకాగితం పెట్టి రుద్దినట్టే. తొడుగు లేని సోఫా మీద చేరిన ఇసుకను బ్రష్ ఊడ్చేస్తుంది. తొడుగు ఉన్న సోఫాలో ఆ ఇసుకకు కావలసినంత తీరిక, కావలసినంత ఒత్తిడి దొరుకుతాయి. తొడుగు తీసినప్పుడు రంగు పోకుండా, నూలు మాత్రం పలచబడి కనిపించే సీటు కథ ఇదే.

తొడుగు ఉతుకుతాం కదా అంటారు. ఉతుకుతారు, నిజమే. ఉతకడానికి తీసినప్పుడు కింద ఉన్న అసలు గుడ్డను ఎంతమంది దులుపుతున్నారు? తొడుగు ఉన్న ఇంట్లో సోఫాను శుభ్రం చేయడమంటే తొడుగును ఉతకడమే అయిపోయింది. రక్షణ అనుకున్నది, పని మానేయడానికి అనుమతి పత్రంగా మారింది.

2. ప్లాస్టిక్ కవరు మరీ ఘోరం

ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పల్చటి పాలిథిన్ చింపకుండా ఏళ్ళ తరబడి ఉంచే ఇళ్ళున్నాయి. దాని మీద పారదర్శకమైన పీవీసీ కవరు కుట్టించుకునే ఇళ్ళూ ఉన్నాయి. కారు సీట్లకయితే ఇది దాదాపు ఆచారం.

గుడ్డ తొడుగు గాలినైనా పోనిస్తుంది. ప్లాస్టిక్ తేమను పట్టి బంధిస్తుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్ర తీరపు ఊళ్ళలో ఏడాదిలో ఎక్కువ కాలం గాలిలో తేమ ఎక్కువే. వానాకాలంలో హైదరాబాదు, వరంగల్లు కూడా అందుకు మినహాయింపు కావు. పగలు వేడికి లోపలి తేమ ఆవిరవుతుంది, రాత్రి చల్లదనానికి ప్లాస్టిక్ లోపలి వైపున చెమ్మగా చేరుతుంది, బయటికి పోయే దారి ఉండదు. బూజుకు ఇంతకంటే ఏం కావాలి? ప్లాస్టిక్ తీసిన రోజు వచ్చే ముక్క వాసన, గుడ్డ మీద కనిపించే నల్లటి చుక్కలు ఎక్కడి నుంచో ఊడిపడలేదు. మనమే పెంచాం.

మెత్తటి పీవీసీతో మరో చిక్కుంది. అది మెత్తగా ఉండటానికి కలిపే ప్లాస్టిసైజర్లు అందులో స్థిరంగా ఉండవు, మెల్లగా బయటికి వస్తాయి. వార్నిష్ చేసిన టేకు చేతుల మీద ఏళ్ళ తరబడి అలాంటి కవరు అతుక్కుని ఉంటే పాలిష్ మెత్తబడి జిగటగా మారొచ్చు. కాపాడాలని కప్పిన వస్తువే సోఫాకు శత్రువు కావడమంటే ఇదీ.

ఇక చూపు సంగతి. గుడ్డ రంగు కోసం, మెత్తదనం కోసం షాపులో గంటసేపు ఎంచి, దానికి వేలు పోసి, ఇంటికి తెచ్చి ఎవరికీ కనపడకుండా, ఎవరి చేతికీ తగలకుండా పదేళ్ళు ఉంచుతాం. కొత్తగా ఉంచాం అని సంతోషిస్తాం. ఆ కొత్తదనాన్ని ఎవరు అనుభవించారు? తొడుగు తీసే రోజు ఎప్పుడో ఒకప్పుడు వస్తుందన్న నమ్మకం మీద ఈ ఏర్పాటంతా నడుస్తోంది. ఆ రోజు రాదు. వచ్చేసరికి ఫోమ్ కుంగిపోయి ఉంటుంది, గుడ్డ మాత్రం "కొత్తగా" ఉంటుంది.

3. షాంపూ వాష్ లెక్క తప్పుతోంది

రెండడుగుల చదరం, ఐదంగుళాల మందం ఉన్న సీటు కుషన్ తీసుకుందాం. దాని పరిమాణం సుమారు 47 లీటర్లు. షాపులో "32 డెన్సిటీ" అంటారే, దానర్థం ఘనపు మీటరుకు 32 కిలోలు. ఆ లెక్కన ఈ కుషన్‌లో ఉన్న ఫోమ్ బరువు కిలోన్నర. మిగతాదంతా గాలి, పరిమాణంలో నూటికి 97 పాళ్ళు గాలే. పైగా ఆ గాలి గదులన్నీ ఒకదానిలోకి ఒకటి తెరుచుకుని ఉంటాయి. లీటరో రెండు లీటర్లో నీళ్ళు లోపలికి దిగినా పైన చేత్తో తడిమితే తెలియదు.

షాంపూ వాష్‌లో జరిగేది చూడండి. నురగ పూస్తారు, బ్రష్‌తో గట్టిగా రుద్దుతారు, నీళ్ళు కొడతారు, యంత్రంతో పీలుస్తారు. యంత్రం పీల్చగలిగేది గుడ్డలోని నీటిని, గుడ్డకు ఆనుకున్న ఫోమ్ పై పొరలోని నీటిని. దిగువకు దిగింది దిగువనే ఉంటుంది. "నాలుగు గంటల్లో ఆరిపోతుందండీ" అని వాళ్ళు చెప్పి వెళ్ళేది పై గుడ్డ సంగతి. తడిసిన సామాను 24 నుంచి 48 గంటల్లోగా పూర్తిగా ఆరకపోతే బూజు పట్టే ప్రమాదముందని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ హెచ్చరిస్తుంది. ఐదంగుళాల ఫోమ్ వానాకాలంలో, తలుపులు మూసిన హాల్లో, ఫ్యాను గాలికి రెండు రోజుల్లో లోపలిదాకా ఆరుతుందని ఎవరైనా పందెం కాస్తారా?

మనం కడిగించే కాలం కూడా చూడాలి. వరలక్ష్మీ వ్రతం, వినాయక చవితి, బతుకమ్మ, దసరా. శ్రావణం నుంచి ఆశ్వయుజం దాకా ఉన్న పండగలు. నైరుతి రుతుపవనాలు ఉండేది జూన్ నుంచి సెప్టెంబరు దాకా. కోస్తాలో ఆ తర్వాత తుపాన్ల కాలం. అంటే ఏడాదిలో గాలి అత్యంత తేమగా ఉండే రోజులే ఏరి సోఫాను నీళ్ళతో నింపుతున్నాం. ఇంటికి వచ్చిన ముత్తయిదువ తాంబూలం తీసుకుని వెళ్ళిపోతుంది. తడి అక్కడే ఉంటుంది.

తడి ఆరేటప్పుడు ఇంకొక పని చేస్తుంది. లోపలి నీరు పైకి పాకి గుడ్డ మీద ఆవిరవుతుంది కదా, తనతోపాటు కరిగిన మురికిని, కడిగివేయకుండా మిగిలిన షాంపూను కూడా పైకి తెస్తుంది. నీరు పోతుంది, అవి మిగులుతాయి. వారం తర్వాత గోధుమరంగు అంచులతో వలయాలు తేలడానికి కారణం ఇదే. మిగిలిన సబ్బు అక్కడితో ఆగదు, జిగటగా ఉండి కొత్త దుమ్మును పట్టుకుంటుంది. "కడిగించాక ఇంకా త్వరగా మాస్తోంది" అని ఆడవాళ్ళు ఫిర్యాదు చేస్తే భ్రమ అని కొట్టిపారేస్తారు. భ్రమ కాదు.

4. నల్లటి నీళ్ళ బకెట్టు దేన్ని రుజువు చేస్తుంది?

షాంపూ వాష్ గురించి ఎవరు అనుమానపడినా కడిగేవాళ్ళు చూపే సాక్ష్యం ఒక్కటే: పని అయ్యాక బకెట్టులో నల్లగా నిలిచిన నీళ్ళు. "చూశారా అమ్మా, మీ సోఫాలో ఇంత మురికి!" ఇంటావిడ ఆ నీళ్ళు చూసి సిగ్గుపడి, మారు మాట్లాడకుండా డబ్బులిస్తుంది.

ఆ బకెట్టు రుజువు చేసేది సోఫాలో మురికి ఉందని మాత్రమే. అది మనకు ముందే తెలుసు. ఆ మురికి తీయడానికి నీళ్ళే కావాలని అది చెప్పదు. లోపల ఎంత మిగిలిందో చెప్పదు. ఆ రంగులో గుడ్డ నుంచి వదిలిన అద్దకం పాలు ఎంతో చెప్పదు. సోఫాలో చేరే మురికిలో ఎక్కువ భాగం పొడి పదార్థమే: ఇసుక, నూలు పోగులు, వెంట్రుకలు, మన ఒంటి నుంచి రాలిన చర్మపు పొలుసులు, పిల్లలు రాల్చిన చెగోడీ ముక్కలు. పొడిగా ఉన్నంతసేపూ ఇవన్నీ గాలి పీలుపుకు వచ్చేస్తాయి. నీళ్ళు తగలగానే బురదవుతాయి, బురదలో కొంత పీల్చగలం, మిగిలింది పోగుల్లో గట్టిపడుతుంది. తీయడానికి తేలికైనదాన్ని ముందు కష్టమైనదిగా మార్చి, అందులో కొంత తీసి చూపించడాన్ని నైపుణ్యం అంటున్నాం.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కూడా కాదు. 1901లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంగ్లీషు ఇంజినీరు, దుమ్మును ఊదేసే ఒక యంత్రాన్ని చూసి, ఊదేకన్నా పీల్చడం మేలు కదా అనుకున్నాడు. లండన్‌లో ఒక రెస్టారెంటు కుర్చీ మెత్త మీద చేతిరుమాలు పరిచి, నోటితో గాలి పీల్చి చూశాడు. రుమాలు కింది వైపు దుమ్ము అంటుకుంది. వాక్యూమ్ క్లీనర్ పుట్టుక కథ అది. మరుసటి ఏడాది ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి ముందు వెస్ట్‌మినిస్టర్ అబ్బే తివాచీలను ఆ యంత్రమే శుభ్రం చేసింది. మెత్తటి ఆసనంలోని దుమ్ముకు మందు పొడి పీలుపు అన్నది నూరేళ్ళకు పైగా తెలిసిన విషయం. దాన్ని పక్కనబెట్టి మనం బకెట్టు దగ్గర మోకరిల్లుతున్నాం.

5. పొడి కంటే తడే పురుగుకు ఇష్టం

"ఆరోగ్యం కోసమైనా కడిగించాలి, లోపల పురుగులుంటాయి" అన్నది ఈ మధ్య ఎక్కువగా వినిపిస్తున్న వాదన. పురుగుల సంగతి నిజమే. ఇంటి దుమ్ము వల్ల వచ్చే ఉబ్బసానికి, ముక్కు అలర్జీకి మూలం దుమ్ము పేలు అనే అతి చిన్న జీవులని డచ్చి పరిశోధకులు వోర్‌హోర్స్ట్, స్పీక్స్‌మా 1964లో బయటపెట్టారు. మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండవు. మన చర్మపు పొలుసులే వాటి తిండి.

వాటి బతుకులో మనకు పనికొచ్చే రహస్యం ఒకటుంది. అవి నీళ్ళు తాగవు. గాలిలోని తేమనే ఒంట్లోకి పీల్చుకుంటాయి. గాలిలో తేమ 70 శాతం దాటితే పండగే. 50 శాతం లోపు చాలాకాలం ఉంటే ఎండిపోయి చస్తాయి. ఈ ఒక్క విషయం తెలిస్తే చాలు, మొత్తం వాదన తలకిందులవుతుంది. పురుగును చంపే పేరుతో దానికి కావలసిన తేమను కుషన్ నడిబొడ్డుకు పంపిస్తున్నాం. తొడుగు వేసి ఆ తేమ బయటికి పోకుండా కాపలా కూడా కాస్తున్నాం. ఉబ్బసం ఉన్న పిల్లవాడి ఇంట్లో ఈ రెండు పనులూ చేసి, ఆ తర్వాత మందుల చీటీ పట్టుకుని తిరగడం విచారకరం.

6. వంటింటి చిట్కాలతో మరక ముదురుతుంది

మరక పడగానే ఏం చేయాలన్న దానికి వీడియోల్లో దొరికే సలహాలు తొడుగు వాదానికి తమ్ముళ్ళు. మూడింటిని చూస్తే చాలు.

మొదటిది, పప్పో పులుసో ఒలికితే వెంటనే సబ్బు నీళ్ళతో రుద్దమంటారు. పసుపులోని కుర్కుమిన్ క్షారం తగిలితే ఎర్రబడుతుంది. ఇది మనకు ఎవరో చెప్పాల్సిన పని లేదు. పసుపు నీళ్ళలో సున్నం వేసి ఎర్రనీళ్ళు కలిపి దిష్టి తీసే జాతి మనది. పసుపుకు సున్నం తగిలించి కుంకుమ చేసిన చేతులు మనవి. బట్టల సబ్బు పొడి కూడా క్షారమే. పసుపు మరక మీద దాన్ని రుద్దితే మరక ఇటుకరంగుకు తిరగడంలో ఆశ్చర్యమేముంది? పైపైన ఉన్నదాన్ని చెంచాతో ఎత్తేసి, పొడి గుడ్డతో అద్ది, మిగిలిన పసుపు ఛాయను వెలుతురుకు వదిలేయడం మేలు. కుర్కుమిన్ వెలుగుకు తాళలేదు, వెలిసిపోతుంది.

రెండోది, వెనిగర్, వంటసోడా కలిపి పోయమంటారు. బుసబుస పొంగుతుంది, చూడటానికి బాగుంటుంది. ఆమ్లం, క్షారం ఒకదాన్నొకటి చంపుకుంటున్న చప్పుడది. గ్యాసు పోయాక మిగిలేది సోడియం ఎసిటేట్ కలిసిన నీళ్ళు. విడివిడిగా ఉంటే దేనికైనా పనికొచ్చే రెండు వస్తువులను కలిపి, దేనికీ పనికిరాని ఉప్పునీళ్ళుగా మార్చి, సోఫాలో పోస్తున్నాం.

మూడోది, తోలు సోఫాకు కొబ్బరినూనె. ఇప్పుడు అమ్ముతున్న తోలు సోఫాల్లో చాలావాటికి పైన రంగు పూత, దాని మీద పాలియూరిథేన్ పూత ఉంటాయి. నూనె ఆ పూత దాటి తోలుకు చేరదు. పైన నిలిచి దుమ్మును పడుతుంది, కొన్నాళ్ళకు కమ్మటి వాసన కాస్తా పాత నూనె కంపు అవుతుంది. ఇక తోలనుకుని మనం కొన్నది చాలాసార్లు రెక్సినే. పాలియూరిథేన్ పూసిన రెక్సిన్‌కు వేడి, తేమ కలిస్తే పూత రసాయనికంగానే విడిపోయి పొరలు పొరలుగా లేస్తుంది. నూనె రాసి ఆ పొరలను వెనక్కి పిలవలేం.

ఈ చిట్కాలన్నిటిలోనూ ఉన్న లోపం ఒక్కటే. సోఫా అంటే ఒకే వస్తువన్నట్టు మాట్లాడతాయి. పాలిస్టర్, నూలు, వెల్వెట్, జనపనార కలిసిన గుడ్డ, తోలు, రెక్సిన్, వీటికి ఒకే మందు ఉండదు. అందుకే కొన్ని కంపెనీల సోఫాల కింద చిన్న చీటీ కుడతారు. దాని మీద డబ్ల్యూ అని ఉంటే నీటితో చేసిన ద్రావణం వాడొచ్చు, ఎస్ అని ఉంటే నీరు తగలనివ్వకుండా ద్రావకంతోనే శుభ్రం చేయాలి, రెండూ ఉంటే ఏదైనా సరే, ఎక్స్ అని ఉంటే పీలుపు తప్ప ఏదీ వద్దు. షాంపూ వాష్‌కు వచ్చిన మనిషి ఆ చీటీ కోసం సోఫాను ఎత్తి చూడటం మీరు ఎప్పుడైనా చూశారా? మన ఊరి మేస్త్రీ చేసిన సోఫాకు చీటీయే ఉండదు. అప్పుడు కనపడని మూల తడిగుడ్డతో అద్ది చూసి, ఆరాక రంగు వదిలిందో ముడుచుకుందో తేల్చుకోవాలి. కుషన్‌కు జిప్పు ఉందిగా, విప్పి ఉతికేద్దాం అనుకోవడం కూడా ఇలాంటి తొందరే. చాలా సోఫాల్లో ఆ జిప్పు ఫోమ్ ఎక్కించడానికి పెట్టింది. ఉతికితే గుడ్డ ముడుచుకుని, మళ్ళీ ఆ ఫోమ్‌కు ఎక్కనని మొరాయిస్తుంది.

7. పెద్దల పేరు వాడుకోవద్దు

"మా అమ్మమ్మ కాలం నుంచీ కప్పే ఉంచేవాళ్ళం" అన్న మాట కూడా వస్తుంది. అమ్మమ్మ కాలం పద్ధతిని సరిగ్గా గుర్తు తెచ్చుకుంటే అది ఈ వాదానికి సాక్ష్యం చెప్పదు. దూది పరుపును ఎండలో వేసేవారు, కర్రతో కొట్టేవారు, తిరగేసేవారు. కొన్నేళ్ళకు గడ్డకట్టిన దూదిని దూదేకులవారు వచ్చి విల్లుతో ఏకి మళ్ళీ నింపేవారు. నులక మంచాన్ని ఎండకు నిలబెట్టేవారు. పడక్కుర్చీ గుడ్డను కర్ర తీసి విడదీసి ఉతికేవారు. ఏ మెత్తనైనా గాలికి, ఎండకు, దెబ్బకు తెరిచి పెట్టారు తప్ప మూసి పెట్టలేదు. పరుపు మీద దుప్పటి పరిచారు నిజమే. దాన్ని వారంవారం తీశారు, తీసినప్పుడు పరుపును దులిపారు. నీళ్ళలో ముంచినవాళ్ళు ఎవరూ లేరు.

ఇప్పటి ఫోమ్‌కు ఒక్క సవరణ చాలు. దూదికి మేలు చేసే ఎండ ఫోమ్‌కు చేటు. అతినీలలోహిత కిరణాలకు ఫోమ్ పచ్చబడి పొడిపొడిగా రాలుతుంది, గుడ్డ రంగు వెలుస్తుంది. అందుకని కుషన్లను ఎండలో కాకుండా గాలి ఆడే నీడలో నిలబెట్టాలి. పద్ధతి పెద్దలదే, చోటు మాత్రం మారింది.

8. తీరిక లేదన్న వాదన

అన్నీ ఒప్పుకున్నాక చివరికి వచ్చేది ఇది: ఇవన్నీ ఎవరు చేస్తారండీ, తొడుగయితే వేసి మర్చిపోవచ్చు. లెక్క చూద్దాం. తొడుగులు విప్పి, ఉతికి, ఆరేసి, మళ్ళీ లాగి మూలలు సర్ది తొడగడం తక్కువ పనేమీ కాదు. సాగే కవరు కూర్చున్న ప్రతిసారీ ఊడివస్తే సర్దుతూ ఉండాలి. పైగా ఆ పని దాదాపు ఎప్పుడూ ఇంటి ఆడవాళ్ళ మీదే పడుతుంది. వారానికోసారి వాక్యూమ్ పెట్టడం అంతకంటే తక్కువ సమయం తీసుకుంటుంది, దానికి ఆడా మగా తేడా కూడా అక్కర్లేదు.

మర్చిపోవచ్చు అన్నదే అసలు ప్రమాదం. కప్పి ఉంచిన సోఫాలో ఏం జరుగుతోందో మనకు తెలియదు. టీవీకి ఎదురుగా ఉన్న ఒకే సీటులో రోజూ ఒకే మనిషి కూర్చుని అక్కడి ఫోమ్ కుంగిపోతున్నా, కింద పట్టీలు వదులవుతున్నా, చెక్క కాళ్ళ దగ్గర పుప్పి పొడి రాలుతున్నా, వెనక గోడ చెమ్మకు గుడ్డ మీద బూజు మొదలైనా, మొదట్లో కనిపిస్తే చిన్న రిపేరు. కనిపించేది చివర్లోనే కాబట్టి "సోఫా అయిపోయింది" అంటాం, పాత సామాను బండికి ఎత్తేస్తాం. టేకు చట్రం దిట్టంగా ఉన్నవి కూడా ఇలాగే పోతున్నాయి. ఫోమ్ ఒక్కటి మార్పించుకుంటే మరో పదేళ్ళు వచ్చేవి. దీంట్లో లాభం ఎవరిదో చెప్పనక్కర్లేదు. తొడుగు అమ్మినవాళ్ళకు, కడిగినవాళ్ళకు, చివరికి కొత్త సోఫా అమ్మేవాళ్ళకు.

మరి ఏం చేయాలి?

వారానికోసారి కుషన్లు తీసి, సన్నటి నాజిల్‌తో సందులు, వీపు, సీటు పీల్చండి. వాక్యూమ్ లేకపోతే బాగా పిండిన తడి గుడ్డను కుషన్ మీద పరిచి చేత్తోనో సన్న కర్రతోనో తట్టండి. లేచిన దుమ్ము గుడ్డకు అంటుకుంటుంది, ఇంట్లో ఎగరదు. తీసిన కుషన్లను మళ్ళీ పెట్టేటప్పుడు చోట్లు మార్చండి, తిరగేయగలిగినవి తిరగేయండి. నెలకోసారి వాటిని నీడలో నిలబెట్టి గాలి తగలనివ్వండి. సోఫాను గోడకు ఆనించకుండా బెత్తెడు జాగా వదలండి.

తల ఆనే చోట, చేతులు పెట్టే చోట చిన్న నూలు గుడ్డలు పరిచి వారంవారం ఉతకండి. 19వ శతాబ్దంలో ఇంగ్లండులో మగవాళ్ళు తలకు మకాసర్ నూనె దట్టించే రోజుల్లో, అక్కడి ఇల్లాళ్ళు కుర్చీ వీపు మీద, తల ఆనేంత మేర మాత్రమే, ఇలాంటి గుడ్డ వేసేవారు. కొబ్బరినూనె ఇళ్ళకు అంతకు మించి అక్కర్లేదు. ఏదైనా ఒలికితే రుద్దకుండా అద్దండి. నెయ్యి, నూనె పడితే టాల్కమ్ పౌడరు చల్లి, అది పీల్చుకున్నాక ఊడ్చేయండి. పాలు, గుడ్డు, నెత్తురు మరకలకు చల్లటి నీళ్ళే వాడండి; వేడినీళ్ళకు అవి గడ్డకట్టి పోగులను పట్టుకుంటాయి.

తడిపి శుభ్రం చేయాల్సిన పరిస్థితి ఎప్పుడో ఒకప్పుడు రావచ్చు. పసిపిల్లలు ఉన్న ఇంట్లో తప్పదు కూడా. అప్పుడు మరక పడిన చోటికే పరిమితం చేయండి, వీలైతే ఫిబ్రవరి నుంచి మే లోపు పొడి రోజుల్లో చేయించండి, ముందుగా పొడిగా పీల్చమని పట్టుబట్టండి, కుషన్లను రెండు వైపులా ఫ్యాను గాలి తగిలేలా నిలబెట్టి ఆరబెట్టండి. ఇంటికి సున్నం వేస్తున్నప్పుడో, నెలల తరబడి ఊరికి వెళుతున్నప్పుడో పాత నూలు దుప్పటి కప్పడంలో తప్పు లేదు. అది తాత్కాలిక అవసరం. మనుషులు ఉన్న ఇంట్లో, మనుషులు కూర్చునే సోఫాకు ఏడాది పొడవునా ముసుగు వేయడానికి మాత్రం సమర్థన లేదు.

కాబట్టి కొనేటప్పుడే ఆలోచన మార్చుకోవాలి. తొడుగు వేస్తాం కదా అని తేలిగ్గా మాసే తెల్ల వెల్వెట్ ఎంచుకోవద్దు. తొడుగు లేకుండా మీ ఇంటి దుమ్మును, మీ పిల్లల చేతులను తట్టుకునే గుడ్డను ఎంచుకోండి. ఫోమ్ డెన్సిటీ ఎంతో, చట్రం ఏ చెక్కో, గుడ్డను ఎలా శుభ్రం చేయాలో అడగండి. చెప్పలేని షాపు నుంచి లేచి రండి. కవరు ఉచితంగా ఇస్తామంటే, ఆ ధర గుడ్డ నాణ్యతలో పెట్టమనండి. ఇక ఇంట్లో ఉన్న సోఫా విషయానికొస్తే, వచ్చే ఆదివారం ఆ తొడుగు తీసేయండి, మళ్ళీ వేయకండి. పండగకు కడిగే మనిషి ఫోన్ చేస్తే వద్దని చెప్పండి.